చార్మినార్ మీద నుంచి చూస్తే

మా అమ్మ 1981లో చార్మినార్ చూసింది. అప్పటికి పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. సూర్యాపేట దగ్గర పల్లె నుంచి అత్తగారింటి వాళ్ళు ఎనిమిది మంది బంధువుల పెళ్ళికని హైదరాబాద్ వచ్చి, పనిలో పనిగా చార్మినార్ కూడా చూసి పోదామనుకున్నారు. మా అక్క అప్పుడు అమ్మ కడుపులో ఉంది. "నువ్వేడ ఎక్కుతవు, సంచుల కాడ కూసో" అన్నదట మా నాయనమ్మ. అమ్మ సంచులూ సద్దిగిన్నే పక్కన పెట్టుకుని, ఆడబిడ్డ చంటిపిల్లాడిని ఒళ్ళో వేసుకుని కింద కూర్చుంది. మిగతా వాళ్ళంతా ఎక్కి వచ్చారు. బస్సులో తిరిగి వెళ్తున్నంతసేపూ పైనుంచి ఏమేం కనిపించాయో ఒకరికి మించి ఒకరు చెప్పుకున్నారు. మా చిన్నప్పుడు అమ్మ మాకు చెప్పిన చార్మినార్ అదే. మక్కా మసీదు అరచేతిలో పెట్టుకున్నట్టు కనిపిస్తుందనీ, మనుషులు చీమల్లా ఉంటారనీ చెప్పేది. అమ్మ అసలు పైకి ఎక్కనే లేదని నాకు పదేళ్ళు దాటాక గానీ తెలియలేదు.

నేను పన్నెండేళ్ళుగా ఈ నగరంలో ఉంటున్నాను. చదువూ ఉద్యోగమూ ఇక్కడే. అమ్మ వచ్చినప్పుడల్లా ఆస్పత్రులకు తిప్పాను, బంధువుల ఇళ్ళకు తిప్పాను. చార్మినార్‌కు తీసుకెళ్ళాలని మాత్రం మొన్నటి చలికాలం దాకా తోచలేదు. ఆమె మోకాళ్ళు బాగా అరిగిపోయాక తోచింది. మన ఆలోచనలు ఎప్పుడూ ఇంతే.

మెట్లు మినార్ లోపలే చుట్లు తిరుగుతూ ఉంటాయి. రాయి నడుమ అరిగి గుంటపడింది. వెలుతురు తక్కువ. ఒక మనిషి పట్టే దారిలో వెనక నుంచి తోసుకొచ్చే మగపిల్లల గుంపు ఉంటే ఆడవాళ్ళు ఏం చేస్తారో ఈ పత్రిక చదివేవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. గోడకు ఒరిగి, చేతిసంచీ ఛాతీకి అడ్డం పెట్టుకుని, వాళ్ళు పోయేదాకా ఆగుతాం. యూనివర్సిటీలో ఉండగా స్నేహితురాళ్ళతో మొదటిసారి ఎక్కినప్పుడు నాకు చార్మినార్ గురించి గుర్తున్నది ఈ మెట్లే. ఈసారి అమ్మ ముందు, నేను వెనక. ప్రతి పది మెట్లకూ ఒకసారి ఆగాం. ఆగినప్పుడల్లా గోడ చూడటం తప్ప వేరే పని లేదు. సున్నం మీద మేకులతో, తాళంచెవులతో గీసిన పేర్లు. నాలుగైదు చోట్ల ఆగాక ఒక సంగతి గమనించాను. మగవాళ్ళ పేర్లు పూర్తిగా ఉన్నాయి, కొన్నిచోట్ల ఊరి పేరుతో సహా. పక్కనే బాణం గుచ్చిన గుండె. ఆ గుండెకు అటువైపు ఉన్న అమ్మాయికి మాత్రం చాలాచోట్ల ఒక్క పొడి అక్షరం. పేరు రాస్తే ఆమెకు పరువు పోతుందని కాబోలు. లేదా ఆమెకు ఆ సంగతే తెలియదేమో.

పైకి చేరేసరికి గాలి కొట్టింది. అమ్మ కమాను పక్కన గోడకు చేరగిలబడి, కొంగుతో ముఖం తుడుచుకుని, "గిదేనా?" అంది.

ఇదే. ఉత్తరాన చార్ కమాన్, గుల్జార్ హౌజ్, ఆ పైన మదీనా వైపు పోయే రోడ్డు. దక్షిణాన శాలిబండ. నైరుతిలో మక్కా మసీదు. మహమ్మద్ కుతుబ్ షా మొదలుపెట్టించిన ఆ కట్టడం ఔరంగజేబు కాలంలో 1694లో గానీ పూర్తి కాలేదు. పడమర నేరుగా మన కాళ్ళ కిందికి వచ్చే వీధి లాడ్ బజార్. నాలుగు రోడ్ల నడుమ నాలుగు కమాన్లు పెట్టి, దాని చుట్టూ నగరాన్ని గీసినట్టు నిర్మించారని పైనుంచి చూస్తే చప్పున అర్థమవుతుంది. నగర నిర్మాణంలో పీష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీ పాత్ర పెద్దదని చెబుతారు. 1591, హిజ్రీ లెక్కలో వెయ్యో సంవత్సరం. నాలుగు వైపులా ఉన్న గడియారాలు మాత్రం 1889 నాటివి. 1660లలో వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు థెవెనో ఈ కట్టడాన్ని చాలా మెచ్చుకుని, చుట్టూ ఉన్న గడ్డికప్పు పండ్ల అంగళ్ళు దీని అందాన్ని చెడగొడుతున్నాయని విసుక్కున్నాడు. అంగళ్ళ మీద ఆ విసుగు నేటికీ అలాగే ఉంది.

మా పక్కనే ఒక గైడు పదిహేను మందికి కథ చెబుతున్నాడు. ప్లేగు తగ్గినందుకు సుల్తాన్ కట్టించాడు అన్నాడు. తర్వాత భాగమతి దగ్గరికి వచ్చాడు. మూసీ అవతల చించలం గ్రామంలో నాట్యగత్తె. యువరాజు ఆమె కోసం వరదలో గుర్రం దూకించడం, తండ్రి కంగారుపడి వంతెన కట్టించడం, రాజయ్యాక ఆమె ఊరున్న చోటే ఈ నగరం కట్టడం, ఆమె పేరున భాగ్‌నగర్, ఆమె హైదర్ మహల్ అయ్యాక హైదరాబాద్. అమ్మ చెవి అటే పెట్టి విన్నది. విని నా వైపు తిరిగింది. "నిజమేనా బిడ్డా?"

నా పిహెచ్.డి. దక్కన్ ఆస్థానాల కాలపు సాహిత్యంలో స్త్రీల మీద. కాబట్టి నాకు సమాధానం సిద్ధంగా ఉంది. ఆధారాలు లేవమ్మా, చాలామంది చరిత్రకారులు ఒప్పుకోరు అన్నాను.

"మరి గామె లేకుంటే పేరు ఏడికెల్లి వచ్చింది?"

నా థీసిస్ మూడో అధ్యాయంలో ఒక ఫుట్‌నోట్ ఉంది. భాగమతి ఉనికికి నమ్మదగిన చారిత్రక ఆధారాలు లేవు, అని ఒకే వాక్యం. ఎందుకు రాశానో నాకు బాగా గుర్తు. ఆమె పేరెత్తితే మౌఖిక పరీక్షలో పరిశోధన వదిలి పుక్కిటి పురాణాలు పట్టుకుందంటారని భయం. సాహిత్యం చదివిన ఆడపిల్లలు చరిత్ర జోలికి పోతే ఇలాగే ఉంటుందన్న మాట అంతకు ముందే ఒకసారి పడ్డాను. అందుకే ఆమెను ఒక్క వాక్యంలో చంపేసి ముందుకు వెళ్ళిపోయాను. అమ్మ ప్రశ్నతో ఇంటికొచ్చి ఆ ఆధారాలన్నీ మళ్ళీ తీశాను.

ఆధారాలు లేవనడం సరికాదు. ఉన్నవి ఎలాంటివి అన్నది ప్రశ్న. నగరం పుట్టిన నాలుగైదేళ్ళలోపే మొగల్ వైపు రాతల్లో భాగమతి కనిపిస్తుంది. అక్బర్ దూతగా దక్కన్‌కు వచ్చిన కవి ఫైజీ పంపిన నివేదికలో ఉంది. అక్బర్ కొలువులోని నిజాముద్దీన్ అహ్మద్ రాసిన చరిత్రలో ఉంది. కొన్నేళ్ళ తర్వాత బీజాపూర్‌లో కూర్చుని రాసిన ఫెరిష్తా ఇంకా వివరంగా చెబుతాడు. సుల్తాన్ ఒక వేశ్యను ప్రేమించాడు, ఆమె వెంట వెయ్యి మంది రౌతులను నడిపించాడు, నగరానికి ఆమె పేరు పెట్టాడు, తర్వాత సిగ్గుపడి హైదరాబాద్ అని మార్చాడు. ఫైజీ అయితే ఆమెను ముదురు వేశ్య అనే అర్థం వచ్చే మాటతో తిట్టాడు. ముగ్గురూ గోల్కొండ వాళ్ళు కాదు. షియా సుల్తాన్‌ను చిన్నబుచ్చాలన్న కోరిక మొగల్ కొలువుకు లేకపోలేదు. ఇక గోల్కొండలోనే తయారైన రాజవంశ చరిత్ర ఆమె పేరెత్తదు. శాసనం లేదు, సమాధి లేదు.

ఈ మౌనం మీదే ప్రొఫెసర్ హరూన్ ఖాన్ షేర్వాణీ తన వాదన నిలబెట్టారు. కుతుబ్ షాహీ చరిత్ర మీద ఆయన 1974లో వేసిన గ్రంథం దాటకుండా ఈ రంగంలో ఎవరూ అడుగు వేయలేరు. నేనూ ఆయన మీద ఆధారపడిన దాన్నే. వంతెన కథను ఆయన తేల్చేసిన తీరు సరైనదే. పురానాపూల్ 1578లో కట్టింది. అప్పటికి మహమ్మద్ కులీకి పన్నెండు పదమూడేళ్ళు. భాగ్‌నగర్ అంటే తోటల నగరం, బాగ్ నుంచి వచ్చిందన్నారు. ఎదురు పక్షాన నరేంద్ర లూథర్ భాగమతి నిజంగా ఉన్నదని చివరిదాకా వాదించారు. హిందూ ముస్లింల ఉమ్మడి సంస్కృతికి ఆమె గుర్తు అన్నది ఆయన ఆశ.

ఈసారి చదువుతుంటే వాదనల కన్నా వాటి కింద పారే ఇబ్బంది ఎక్కువ కనిపించింది. ఫెరిష్తా వాక్యంలో సిగ్గు అన్న మాట దగ్గర ఆగిపోయాను. నగరం కట్టినందుకు సిగ్గు లేదు, ప్రేమించినందుకూ లేదు. పేరు పెట్టినందుకు సిగ్గు. ఆమె ఉందన్నవాళ్ళు ఆమెను తిట్టడానికి రాశారు. లేదన్నవాళ్ళు ఆమెను తీసేస్తే సుల్తాన్ పరువు నిలబడుతుందని ఊపిరి పీల్చుకున్నారు. ఇంకో రకం వాళ్ళు ఆమెకు పెళ్ళి చేసి, హైదర్ మహల్ అనే బిరుదిచ్చి, అంతఃపురంలో కూర్చోబెట్టాక గానీ ఆమె కథ చెప్పలేకపోయారు.

తెలుగు సాహిత్యం చదివిన వాళ్ళకు ఇది కొత్త కాదు. ముద్దుపళని విషయంలో వీరేశలింగంగారు ఏం చేశారో మనకు తెలుసు. కావ్యాన్ని విమర్శించడానికి ముందు ఆమె కులవృత్తిని పట్టుకున్నారు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో రాధికాసాంత్వనము పూర్తిగా అచ్చువేస్తే ఆ మరుసటి ఏడు పుస్తకం మీద నిషేధం పడింది. 1947లో గానీ అది తొలగలేదు. ముద్దుపళనికి ఒక అదృష్టం ఉంది. ఆమె రాసింది మిగిలింది, దాన్ని పట్టుకుని పోట్లాడటానికి నూటయాభై ఏళ్ళ తర్వాత ఇంకో ఆడది వచ్చింది. భాగమతి రాసిందో లేదో, ఆమెకు చదువు వచ్చో రాదో కూడా మన చేతికి అందదు. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి అడిగి రాశారు. ఆ పద్ధతి మనందరికీ బలాన్నిచ్చింది. అడగటానికి మనిషి మిగలని చోట ఏం చెయ్యాలన్నది నా ఇబ్బంది.

మహమ్మద్ కులీ స్వయంగా కవి. 1940లో డాక్టర్ జోర్ ప్రకటించిన ఆయన దక్కనీ కవితల సంపుటం నేను లిప్యంతరంలోనే చదివాను. అందులో పన్నెండు మంది ప్యారీల మీద కవితలున్నాయి. నన్హీ, సాఁవ్‌లీ, గోరీ, ఛబీలీ, లాలా, ముష్తరీ... చిన్నది, చామనఛాయది, ఎర్రనిది. వీటిలో చాలావరకు పేర్లు కావు, చూసేవాడి కంటికి కనిపించిన రంగులూ సైజులూ. భాగమతి అనే పేరు లేదు. ముష్తరీయే భాగమతి కావచ్చని కొందరన్నారు. నాకు అది ఊహే అనిపిస్తుంది. కానీ ఆమె పేరు లేదన్నది ఆమె లేదనడానికి రుజువని పట్టుబట్టే మనం, మిగతా పన్నెండు మంది సొంత పేర్లు ఏమిటని ఎన్నడూ అడగలేదు.

ఇక మన తెలుగులో భాగ్‌నగర్ భాగ్యనగరం అయింది. వినడానికి బాగుంటుంది. పేరులోని మనిషి పోయి సంపద మిగిలింది. ఈ మధ్య నగరం పేరు మార్చాలన్న నినాదాల్లో భాగ్యనగరం తరచూ వినపడుతోంది. ఆ నినాదాలిచ్చే వాళ్ళకు ఒక నాట్యగత్తె పేరు నగరానికి పెట్టుకోవడం ఇష్టమేనా అని ఒకసారి తరగతిలో అడిగాను. విద్యార్థులు నవ్వారు. నేను నవ్వులాటకు అడగలేదు.

అసలు నన్ను కుదుటపడనీయనిది ఇంకొకటి. భాగమతి ఉందా లేదా అని నాలుగు వందల ఏళ్ళుగా జరుగుతున్న వాదనలో, అదే నగరంలో తప్పకుండా ఉన్న వేలమంది ఆమె వంటి ఆడవాళ్ళను ఎవరూ పట్టించుకోలేదు. 17వ శతాబ్దం నడుమ, అబ్దుల్లా కుతుబ్ షా కాలంలో వచ్చిన వజ్రాల వర్తకుడు తవెర్నియే గోల్కొండ గురించి రాస్తూ, దరోగా రిజిస్టర్‌లో ఇరవై వేలకు పైగా వేశ్యల పేర్లున్నాయంటాడు. ఆ అంకెను నేను అక్షరాలా నమ్మను, యాత్రికులు పెంచి చెబుతారు. కానీ రిజిస్టర్ అన్న మాట ఉంది. వాళ్ళు రాజుకు పన్ను కట్టనక్కర్లేదట. బదులుగా ప్రతి శుక్రవారం కొంతమంది మేళంతో సహా వచ్చి రాజభవనం ముందున్న మైదానంలో నిలబడాలి. రాజు బాల్కనీలోకి వస్తే ఆడాలి. రాకపోతే ఒక ఖోజా వచ్చి చెయ్యి ఊపుతాడు, వెళ్ళిపోవాలి. వాళ్ళను రాజ్యం అంత ఉదారంగా ఎందుకు ఉండనిచ్చింది అన్నదానికి కూడా ఆయనే కారణం చెప్పాడు. వాళ్ళ ఇళ్ళ దగ్గర కల్లు బాగా అమ్ముడుపోతుంది, కల్లు మీద రాజుకు రాబడి వస్తుంది. పన్ను లేదనడం ఒట్టి మాటన్న మాట. పన్ను వాళ్ళ ఒళ్ళు మీద కాకుండా కుండ మీద వసూలైంది.

సాయంత్రం చల్లబడ్డాక ఇళ్ళ ముందు నిలబడేవాళ్ళు, చీకటి పడ్డాక గుమ్మంలో దీపం పెట్టుకునేవాళ్ళు అంటాడు తవెర్నియే. ఆ దీపాల వీధులు ఎక్కడుండేవో ఈ ఎత్తు మీద నుంచి వెతకడం తెలివితక్కువ పని. అయినా వెతికాను. పేరు పెట్టుకోవడానికి ఒక భాగమతి, లెక్క పెట్టుకోవడానికి ఇరవై వేలు. ఆ రెంటి నడుమ మామూలు ఆడమనిషి ఒక్కతి కూడా మన చరిత్ర పుస్తకాల్లో కంటికి ఆనదు. శుక్రవారం మేళం వెనక నడుస్తూ ఏ పసిపిల్లను ఇంట్లో ఎవరికి అప్పగించి వచ్చిందో, రిజిస్టర్‌లోంచి పేరు తీయించుకోవాలంటే ఎవరి కాళ్ళు పట్టుకోవాలో.

సమాధులు దొరికిన వాళ్ళున్నారు. మహమ్మద్ కులీ కూతురు హయాత్ బక్షీ బేగం ఒక సుల్తాన్ కూతురు, ఒక సుల్తాన్ భార్య, ఒక సుల్తాన్ తల్లి. 1626లో పసివాడైన కొడుకు గద్దెనెక్కితే వ్యవహారాలు చూసింది ఆమె. 1656లో ఔరంగజేబు సేన మీదికొస్తే సంధి మాటలకు వెళ్ళింది ఆమె. హయత్‌నగర్ ఆమె పేరునే ఉంది. ఆ దారిలోనే మా ఊరి బస్సు వెళ్తుంది. ఈశాన్యాన ఎక్కడో మౌలాలి గుట్ట ఉండాలి, పొగమంచులో నాకు కనిపించలేదు. అక్కడ మహ్‌లఖా బాయి చందా సమాధి ఉంది. 1768లో పుట్టి 1824లో పోయిన ఆ తవాయిఫ్ సొంత దీవాన్ తయారు చేయించుకుంది, తల్లికి సమాధి కట్టించి దాని పక్కనే తన చోటు తానే చూసుకుంది. తన చరిత్రను తానే చూసుకోకపోతే ఏమవుతుందో ఆమెకు తెలిసి ఉంటుందని నా నమ్మకం. డబ్బూ జాగీర్లూ ఉన్నాయి గనుక చూసుకోగలిగింది కూడా.

థీసిస్‌ను ఇప్పుడు పుస్తకంగా సవరిస్తున్నాను. భాగమతి ఉన్నదని నేను రాయబోవడం లేదు. నా దగ్గర అంత ధైర్యానికి సరిపడా కాగితం లేదు. ఆ ఫుట్‌నోట్ మాత్రం తీసేశాను. ఆ చోట ఆమెను ఎవరెవరు ఏ మాటలతో పిలిచారో, ఏ పేజీల్లో పిలవకుండా వదిలేశారో వరసగా ఇచ్చాను. తవెర్నియే రిజిస్టర్‌ను పైకి తెచ్చి అధ్యాయంలోనే పెట్టాను. ఆరు పేజీలు పెరిగింది. ప్రచురణకర్త ఏమంటారో చూడాలి.

ఇదంతా తర్వాతి సంగతి. ఆ రోజు పైన అమ్మ నా జవాబు కోసం ఎక్కువసేపు ఆగలేదు. లాడ్ బజార్ వైపు వెళ్ళి కటకటాలు పట్టుకుని నిలబడింది. కింద బురఖాల నలుపు, చీరల రంగులు కలిసి కదులుతున్నాయి. అంగళ్ళ ముందు లైట్లకు గాజుల మీది రాళ్ళు ఇక్కడిదాకా మెరుస్తున్నాయి. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బొగ్గుల మీద లక్క కరిగించి, తీగలా సాగదీసి, వేడి ఆరకముందే గుండ్రంగా చుట్టి, ఒక్కో రాయీ చేత్తో అద్దాలి. ఆ రాళ్ళు అద్దే ఆడవాళ్ళు అంగట్లో ఉండరు. వెనక గల్లీల్లో ఒక్క గది ఇళ్ళలో కిటికీ వెలుతురు దగ్గర కూర్చుని, జతకు ఇంతని అద్దుతారు. పైనుంచి వీధి కనిపిస్తుంది, అంగడి కనిపిస్తుంది, కొనేవాళ్ళు కనిపిస్తారు. ఆ ఇళ్ళ మీద కనిపించేవి నీళ్ళ ట్యాంకులు, ఆరేసిన బట్టలు.

అమ్మ గాజుల వైపు చూస్తోందనుకున్నాను. మక్కా మసీదు చూపిస్తే "ఆఁ, మంచిగుంది" అని ఊరుకుంది. ఈ వైపు నుంచి ఆ వైపుకూ, ఆ వైపు నుంచి ఇంకో వైపుకూ నడుస్తూ కిందికే చూస్తోంది. మోకాళ్ళ నొప్పి మరిచిపోయినట్టుంది. ఏం వెతుకుతున్నావమ్మా అన్నాను.

"గప్పుడు నేను కూసున్నది ఏ పక్కనో చూస్తున్న. ఎదురుంగ పండ్ల బండి ఉండె. నీడ ఉండె. ఇప్పుడేమో అంత బండలు పరిచిన్రు, గుర్తువడ్తలేదు."

ఇప్పుడు చుట్టూ బండ్లు రాకుండా ఆపి రాళ్ళు పరిచారు. నలభై ఏళ్ళ కిందటి గుర్తులు ఎక్కడ మిగులుతాయి? ఇద్దరం కలిసి నాలుగు వైపులా చూశాం. తూర్పు వైపు గోడ మూల దగ్గర చివరికి ఒకచోట వేలు పెట్టి చూపించింది. అక్కడ ఒకామె ఇద్దరు పిల్లలకు అరటిపండ్లు వొలిచి పెడుతోంది. పక్కన మూడు సంచులు.

"గాడనే అనుకుంట" అంది అమ్మ. కాసేపాగి, "మీదికెల్లి నన్ను మీ నాయన చూసిండో లేదో, ఎన్నడూ అడగలే" అంది.

టైమైందని గార్డు ఈల వేశాడు. దిగే మెట్లు వేరే మినార్‌లో ఉన్నాయి. ఈసారి నేను ముందు నడిచాను.